మిణుగురు కూర్చున్న పువ్వు



భాగవతం దశమస్కంధంలో వర్షర్తు వర్ణన ఉంది కదా, దాని మీద ఆమధ్య ఒక వీడియో చేసుకున్నాం. ఆ వీడియో మొదట్లో ఒక ఫోటో వస్తుంది. చీకట్లో కాలవ గట్టు, గట్టు నిండా తుమ్మి మొక్కలు, వాటి తెల్లటి పూల మీద, చుట్టూ, పైన కొమ్మల దాకా వందల మిణుగురులు. ఆకాశం దిగివచ్చి గడ్డిలో కూర్చుందా అన్నట్టుంటుంది. బాగుందని చాలామంది రాశారు, సంతోషం. ఒక అమ్మగారు మాత్రం ఇలా రాశారు: "బాబూ, మీ వైపు ఇంకా ఇన్ని ఉన్నాయా? మా ఊళ్ళో ఒక్కటి కనబడి ఎన్నేళ్ళయిందో. ఇది చూశాక మనసు నిమ్మళంగా ఉంది."

నేను చేతులు జోడించిన బొమ్మ ఒకటి పెట్టి, "అంతా స్వామి దయ అమ్మా" అని జవాబు రాసేశాను.

రాసేశాక గుండెలో ముల్లు గుచ్చుకున్నట్టయింది. ఎందుకంటే అన్ని లేవండీ. ఆ రాత్రి గట్టు మీద ఉన్నవాటిని నేనూ మా మేనల్లుడూ వేలు పెట్టి లెక్కపెట్టాం. పన్నెండు. పదమూడోది ఉందని వాడంటాడు, లేదని నేనంటాను.

మరి ఫోటోలో వందలెలా వచ్చాయి? ఇందులో మాయేమీ లేదు, ఫోటోలు తీసేవాళ్ళందరూ చేసేదే. కెమెరాని స్టాండు మీద కదలకుండా నిలబెడతారు. కెమెరా కన్ను 25 సెకన్లు తెరిచి ఉంచుతారు. ఆ 25 సెకన్లలో ఒక మిణుగురు ఎగురుతూ ఎన్నిసార్లు వెలిగితే అన్ని చుక్కలు పడతాయి. అలాంటి ఫోటోలు వరసగా 40 తీసి, కంప్యూటర్లో ఒకదాని మీద ఒకటి పేర్చి ఒక్కటిగా చేస్తారు. లెక్క చూడండి, 40 ఇంటూ 25 అంటే 1000 సెకన్లు. అంటే మీరు చూసింది ఒక క్షణం కాదు, దాదాపు 17 నిమిషాలు. పన్నెండు పురుగులు 17 నిమిషాల పాటు తిరిగిన దారంతా ఒక్కచోట కుప్పపోసి, ఇదిగో ఇదీ మా ఊరి రాత్రి అని మీకు చూపించాం.

ఇది అబద్ధమా? ఈ ప్రశ్నే నన్ను ఇన్నాళ్ళూ పట్టుకుంది.

అబద్ధం కాదనే మొదట అనుకున్నాను. మా ఇంట్లో గోడకి శ్రీకాళహస్తి కలంకారీ గుడ్డ ఒకటి ఉంది, రామాయణం గీసినది. అడ్డంగా వరసలు, వరసల్లో గళ్ళు. ఒక గడిలో రాముడు విల్లు విరుస్తాడు, పక్క గడిలో పడవెక్కుతాడు, ఇంకో గడిలో బాణం వేస్తాడు. ఒకే గుడ్డ మీద ఇంతమంది రాములేమిటని మా ఇంటికొచ్చినవాళ్ళు ఎవరూ అడగలేదు. కాలాన్ని గుడ్డ మీద పరిచారని చూసేవాడికి తెలుసు. అలాంటప్పుడు నా ఫోటో మాత్రం ఏం తప్పు చేసింది? అదీ 17 నిమిషాల్ని పరిచిందే కదా!

కానీ కాదండీ. తేడా గీసినవాడిలో లేదు, చూసేవాళ్ళలో ఉంది. కలంకారీ చూసేవాడికి దాన్ని ఎలా చదవాలో చిన్నప్పటి నుంచీ తెలుసు. ఫోటో చూసే అమ్మగారికి ఫోటో అంటే ఉన్నది ఉన్నట్టు పట్టేది అనే తెలుసు. ఆవిడ నమ్మకం అది. ఆ నమ్మకం ఉందని నాకు తెలుసు. తెలిసీ నేను నోరు మెదపలేదు. ఫోటోలు పేర్చడంలో దోషం లేదు, పేర్చామని ఒక్క ముక్క కింద రాయకపోవడంలో ఉంది. అసలు విషయం ఇంకోటి. అక్కడ వందలుండి నేను వెయ్యిగా చూపిస్తే అది గొప్ప చెప్పుకోవడం, అంతవరకే. పన్నెండుకి పడిపోయిన చోట వందలు చూపించడం వేరు. రోగిష్ఠిగా ఉన్న మనిషి ఫోటోకి రంగులద్ది, బంధువులకి "బాగానే ఉన్నాడు, మీరు రానక్కర్లేదు" అని పంపించినట్టు. ఆవిడ మనసు నిమ్మళించిందంటే నేను చేసింది అదే.

సరే, ఆ ఫోటో సంగతి అది. అదే రాత్రి ఇంకో ఫోటో కోసం పడ్డ పాట్లు కూడా చెప్పాలి, ఎందుకంటే అక్కడ జరిగింది ఇంకొంచెం పెద్దది.

ఆ ఊరు మా పిన్నిది. గోదావరి కాలవ పక్కన. పేరు చెప్పట్లేదు, కారణం మీకే అర్థమవుతుంది. ఆరుద్ర కార్తెలో వెళ్ళాం. వాన వెలిసిన సాయంత్రం, నేలంతా తడి, ఎర్ర ముఖమల్ గుడ్డ ముక్కల్లాంటి ఆరుద్ర పురుగులు పగలే కనిపించాయి. మిణుగురు తుమ్మిపువ్వు మీద కూర్చున్నప్పుడు దగ్గర నుంచి ఒక ఫోటో కావాలని నా ఆశ. తుమ్మి శివుడికి ఇష్టమైన పువ్వు. గోరంత తెల్లటి పువ్వు, దాని మీద దీపం పెట్టుకుని వచ్చిన పురుగు. దేవుడికి ఎవరూ పెట్టకుండానే దీపారాధన జరుగుతున్నట్టు ఉంటుందని ఊహించుకున్నాను. వీడియో బొమ్మగా పెడితే ఇంకేం కావాలి అని కూడా అనుకున్నానండీ, దాచడం దేనికి.

దగ్గర ఫోటో అంత తేలిక కాదు. మిణుగురు వెలుగు కెమెరాకి చాలదు. పువ్వు కనబడాలంటే మనం లైటు వెయ్యాలి. పురుగు కదిలితే మసకబారుతుంది. మా మేనల్లుడు ఇంజనీరింగ్ చదువుతున్నాడు, మన వీడియోలకి కెమెరా వాడిదే. అరుగు మీద కూర్చుని వాడన్నాడు కదా, "మావయ్యా, ఒకదాన్ని పట్టి డబ్బాలో వేసి ఫ్రిజ్‌లో పది నిమిషాలు పెడదాం. చల్లదనానికి కదలదు. తీసి పువ్వు మీద పెట్టి ఎన్ని కావాలంటే అన్ని తీసుకోవచ్చు. చాలామంది ఇలాగే తీస్తారు. చచ్చిపోదులే."

నేను వద్దనలేదు. "నిజంగా చావదా?" అని అడిగాను. ఆ అడగడంలోనే సగం ఒప్పుకున్నానని ఇప్పుడు తెలుస్తోంది.

లోపల చేటలో బియ్యం ఏరుకుంటున్న మా పిన్ని విననే విన్నది. "ఏరా, దీపాలు పెట్టాక చెట్టు ముట్టుకోకూడదని మీ అమ్మ చెప్పలేదా నీకు?"

"కొయ్యట్లేదు పిన్నీ, ఫోటోయే."

"కొయ్యకపోతే మాత్రం? నిద్రపోయే పువ్వుని లేపి, దాని దారిన అది పోయే పురుగుని పట్టి మొద్దుబార్చి, రెంటికీ పెళ్ళి చేస్తారా మీ ఇద్దరూ?"

మేనల్లుడు పకపకా నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. సంధ్య దాటాక చెట్లు నిద్రపోతాయి, పూలు కొయ్యకూడదు అన్నమాట మనందరం విని పెరిగిందే. మనలో చాలామందికి అదొక ఆచారం, అంతే. చెట్టుకీ ఒక వేళ ఉంటుంది, ఆ వేళలో మన అవసరం ఎంత పుణ్యకార్యమైనా సరే వాయిదా వేసుకోవాలి అనే మర్యాద అందులో ఉందని ఆ రాత్రి దాకా నాకు తట్టలేదు. పూజకైనా కొయ్యకూడదన్నారండీ. పూజకే లేని మినహాయింపు వీడియోకి ఎక్కడి నుంచి వస్తుంది?

ఫ్రిజ్ మాట అక్కడితో వదిలేశాం. కెమెరా పట్టుకుని గట్టు మీదకి మాత్రం వెళ్ళాం. అక్కడ ఇంకో తప్పు చేశాను. ఒక తుమ్మి మొక్క మీద ఒకటి వెలుగుతోంది. కెమెరా సరిచేసుకోవడానికని సెల్‌ఫోను టార్చి వేశాను. అంతే. అది ఆరిపోయింది. అదొక్కటే కాదు, ఆ చుట్టుపక్కలవన్నీ ఒక్కొక్కటే ఆరిపోయాయి. ఎవరో గుడిలో దీపాలన్నీ ఊదేసినట్టు. టార్చి కట్టేసి కూర్చున్నాం. మా కళ్ళకి చీకటి అలవాటు పడటానికే పావుగంట పైన పట్టింది. అప్పుడు దూరంగా ఒకటి వెలిగింది, ఇంకాసేపటికి ఇంకోటి.

ఇక్కడ ఒక్క విషయం మీకు చెప్పాలి. మిణుగురు ఒక పెంకుపురుగు. ప్రపంచంలో వీటిలో రెండువేలకు పైగా జాతులున్నాయి. పొట్ట చివర లూసిఫెరిన్ అనే పదార్థం లూసిఫరేజ్ అనే ఎంజైము సాయంతో ఆక్సిజన్‌తో కలిసినప్పుడు ఆ వెలుగు వస్తుంది. అందులో వేడి దాదాపు ఉండదు, అందుకే శాస్త్రవేత్తలు దాన్ని చల్లని వెలుగు అంటారు. అయితే ఆ వెలుగు మన కోసం కాదు, అలంకారమూ కాదు. అది మాట. చాలా జాతుల్లో మగవి ఎగురుతూ వెలుగుతాయి, ఆడవి గడ్డి కొస మీదో ఆకు మీదో పువ్వు మీదో కూర్చుని చూస్తుంటాయి. తమ జాతి తాళం పోల్చుకున్నాక కింది నుంచి ఒక మెరుపుతో బదులిస్తాయి. ఒక్కో జాతికి ఒక్కో తాళం. పురుగు దశలో ఏడాది దాకా, కొన్ని జాతుల్లో అంతకు మించి, తడి నేలలో నత్తల్నీ వానపాముల్నీ తిని పెరుగుతుంది. రెక్కలొచ్చాక బతికేది కొన్ని వారాలు. ఆ కొన్ని వారాల్లో, రోజుకి చీకటి పడ్డాక దొరికే కొద్ది గంటల్లో అది పిలవాలి, పిలుపు వినబడాలి, జవాబు రావాలి.

అలాంటి గంటల్లో పావుగంట నేను తిన్నాను. ఒక ఫోటో కోసం. తుమ్మిపువ్వు మీద కూర్చున్నది పూజ చెయ్యట్లేదండీ, ఎవరి జవాబు కోసమో ఎదురుచూస్తోంది. లేదా తనే జవాబు చెబుతోంది. ఇద్దరు మాట్లాడుకుంటుంటే మధ్యలో నిలబడి మైకు పెట్టి అరిచినవాణ్ణి నేను.

నిజానికి మనవాళ్ళు మిణుగురుకి పెద్ద మర్యాద ఏమీ ఇవ్వలేదు. వర్షర్తు వర్ణనలో దాని ముచ్చట వస్తుంది. రాత్రిళ్ళు మబ్బు పట్టి గ్రహాలు కనబడనప్పుడు మిణుగురులు వెలుగుతాయి, కలియుగంలో వేదం మరుగున పడి పాషండ మతాలు వెలిగినట్టు, అని అక్కడి పోలిక. మన మాటల్లోనూ అంతే, సూర్యుడి ముందు మిణుగురు అంటాం. పాపం, అది సూర్యుడితో పోటీకి వస్తానని ఎప్పుడంది? అయితే శ్వేతాశ్వతర ఉపనిషత్తులో ఇంకో చోటుంది. యోగంలో కూర్చున్నవాడికి బ్రహ్మసాక్షాత్కారానికి ముందు కనిపించే ఆనవాళ్ళు చెబుతూ, మంచు, పొగ, సూర్యుడు, గాలి, నిప్పు వీటితో పాటు మిణుగురునీ చేర్చారు, మెరుపు, స్ఫటికం, చంద్రుడు వీటి సరసన. ఖద్యోతం అని దాని పేరు. కళ్ళు మూసుకుని కూర్చున్నవాడికి లోపల అలా మిణుకుమంటుందట. మనం దానికేసి టార్చి వేసి చూసేది కాదన్నమాట.

చూడటం అంటే ఏమిటన్నది ఇక్కడే నాకు తిరకాసుగా ఉంది. మన పాత గుళ్ళు తలుచుకోండి. గర్భగుడిలో కిటికీ ఉండదు. నూనెదీపం ఒక్కటే. ఎండలోంచి లోపలికి వెళ్ళినవాడికి మొదట ఏమీ కనబడదు. కాసేపు నిలబడాలి. చీకటికి కళ్ళు లొంగాలి. అప్పుడు మెల్లగా ముందు కిరీటం మీది తళుకు, తర్వాత కళ్ళు, తర్వాత చేతులు. అక్కడ కెమెరా వద్దంటే మనకెవరికీ కోపం రాదు. తిరుమలలో సెల్‌ఫోను బయట పెట్టి వెళ్తాం. ఫోటో లేకపోతే దర్శనం అయినట్టు కాదని ఎవరూ అనరు. అంతా బాగానే తెలుసు మనకి. కానీ గుడి గడప దాటి కాలవ గట్టు మీదకి రాగానే ఆ తెలివి ఎక్కడికి పోతుందో. మన వెలుగు తీసుకెళ్ళి దాని వెలుగు ఆర్పి, చూశాం అనుకుంటాం.

అలాగని ఫోటోలే తియ్యకూడదని నేననట్లేదు. మా మేనల్లుడి వాదన కూడా వినండి, అది తేలిగ్గా కొట్టిపారేసేది కాదు. "మావయ్యా, మా అక్క కూతురికి ఆరేళ్ళు. హైదరాబాదులో పుట్టింది. మిణుగురు ఎలా ఉంటుందో దానికి ఈ ఫోటో లేకపోతే తెలీదు. తెలీనిదాన్ని రేపు ఎవరు కాపాడతారు?" నిజమే. మనసుకి హత్తుకున్నదాని కోసమే మనిషి నాలుగు అడుగులు వేస్తాడు. కానీ ఇంకో వైపు కూడా ఉంది. మహారాష్ట్రలో భండారదర, పురుషవాడి వైపు ఏటా మే చివర, జూన్ మొదట్లో మిణుగురుల్ని చూడటానికి జనం వేలల్లో వెళ్తారు. ఫోటోలు చూసే వెళ్తారు. కార్లు, హెడ్‌లైట్లు, చేతిలో ఫోన్లు, గడ్డిలో కాళ్ళు. ఆడది కూర్చుని ఉండేది ఆ గడ్డిలోనే. అందుకే ఊరి పేరు చెప్పనన్నాను. ఏ ఊరండీ అని నన్నడిగినవాళ్ళు పదిమంది పైనే ఉన్నారు, కోపం తెచ్చుకోకండి.

అవధూత ఇరవై నలుగురు గురువుల కథలో తేనెటీగ ఉంది, తేనె కొట్టుకుపోయేవాడూ ఉన్నాడు. ఇద్దరూ పువ్వు పుణ్యాన బతికేవాళ్ళే. ఈగ పువ్వు పువ్వుకీ కొంచెం తీసుకుంటుంది, పువ్వు పువ్వులాగే ఉంటుంది. రెండోవాడు పొగ వేసి మొత్తం పట్టుకుపోతాడు. కెమెరా పట్టుకున్నవాడు ఏ క్షణాన ఇందులోంచి అందులోకి మారతాడో చెప్పడం కష్టం. నేనా రాత్రి టార్చి మీట నొక్కినప్పుడు మారాను. అంతకు ముందు చీకట్లో స్టాండు పెట్టి కదలకుండా కూర్చున్న 17 నిమిషాలూ ఈగలాగానే ఉన్నాననుకుంటున్నాను. కాస్త ఆశతో చెబుతున్న మాటే ఇది.

ఇంకొకటి కూడా ఒప్పుకోవాలి. చిన్నప్పుడు ఇదే ఊళ్ళో, ఇదే గట్టు మీద మిణుగురుల్ని పట్టి అగ్గిపెట్టెలో వేసేవాళ్ళం. అంతటితో ఆగలేదు. నలిపి ఆ వెలుగుని నుదుటన బొట్టు పెట్టుకునేవాళ్ళం. చీకట్లో బొట్టు కాసేపు మెరిసేది. ఎవరి బొట్టు ఎక్కువసేపు మెరిస్తే వాళ్ళు గెలిచినట్టు. అప్పుడు అవి ఎన్నుండేవో లెక్కపెట్టాలన్న ఆలోచనే మాకు రాలేదు, ఇసక రేణువుల్ని ఎవరు లెక్కపెడతారు? ఇప్పుడు పన్నెండుకి వచ్చాయంటే మా బొట్ల వల్ల కాదని నాకు తెలుసు. గట్టుకి సిమెంటు వేశారు, చేలో కలుపుమందు కొడుతున్నారు, వీధిలో తెల్లటి లైట్లు తెల్లవార్లూ వెలుగుతాయి. పిన్ని ఇంటి ముందు లైటు వెయ్యమని అర్జీ పెట్టినవాళ్ళలో నేనూ ఉన్నాను, ఆవిడ రాత్రిపూట ఎక్కడ జారి పడుతుందోనని. అది తప్పని ఇప్పటికీ అనలేను. ముసలావిడ కాలు విరగకూడదు, మిణుగురు మాట ఆగకూడదు. రెండూ కావాలంటే ఏం చెయ్యాలో వెతకాలి. లైటుకి పైన రేకు టోపీ పెట్టి వెలుగు గుమ్మం మీదకే పడేటట్టు చేశాం ఈమధ్య. గట్టు మీదకి ఇప్పుడు ఆ వెలుగు అంతగా పోవట్లేదు. చాలుతుందో లేదో వచ్చే ఆరుద్రకి చూడాలి.

ఆ రాత్రి చివరికి మా మేనల్లుడే ఒక ఉపాయం చేశాడు. పిన్ని పాత ఎర్ర జాకెట్టు గుడ్డ మడతలు పెట్టి టార్చికి చుట్టాడు. ఎర్ర వెలుగు వాటికి అంతగా ఇబ్బంది కాదట. అయినా నేలకేసి మాత్రమే చూపించి, దారి చూసుకోవడానికి తప్ప వాడలేదు. దగ్గర ఫోటో మాత్రం రాత్రి తియ్యలేదు.

పొద్దున్నే పిన్ని పూజకి పూలు కొయ్యడానికి వెళ్తుంటే వెంట వెళ్ళాం. కొయ్యబోయే ముందు ఆవిడ ఒక్కో రెమ్మనీ వంచి కింద చూస్తుంది. పురుగున్న పువ్వు పూజకి పనికిరాదు కదా. ఒక తుమ్మి రెమ్మ వంచి, "ఇదిగో మీ దీపాలాయన" అని వదిలేసి పక్క మొక్కకి వెళ్ళిపోయింది. ఆకు కింద పువ్వుని ఆనుకుని గోధుమరంగు పురుగు, వడ్లగింజ కంటే కాస్త పెద్దది. తల మీద నారింజ రంగు కప్పు. వెలుగు లేదు. ఎండలో చూస్తే ఎవరూ గుర్తుపట్టరు, గింజపురుగు అనుకుంటారు. ఫ్లాష్ లేకుండా, ముట్టుకోకుండా, పొద్దుటి వెలుగులో వాడు ఒకే ఒక్క ఫోటో తీశాడు. అది కదల్లేదు. బొమ్మ బాగా వచ్చింది. వీడియో బొమ్మగా పెడితే ఎవరూ నొక్కరని వాడి అభిప్రాయం. అలాగే జరిగింది కూడా, పాత బొమ్మ తీసి ఇది పెట్టిన రోజు నుంచి చూసేవాళ్ళు తగ్గారు. వందల చుక్కల ఫోటో వీడియోలో అలాగే ఉంచాం, కింద మాత్రం రాశాం: ఇది 17 నిమిషాల్లో తీసిన 40 ఫోటోలు కలిపినది, అక్కడున్నవి పన్నెండు.

అమ్మగారికి కూడా అదే రాశాను. క్షమించమని అడిగాను. రెండు రోజులు ఏమీ రాలేదు. మూడో రోజు మన ఛానెల్ నంబరుకి ఫోను వచ్చింది. బెంగుళూరులో కొడుకు దగ్గర ఉంటారట, ఎనిమిదో అంతస్తు. తిడతారనుకున్నాను.

"పన్నెండా?" అన్నారు.

"అవునమ్మా. పదమూడోది ఉందని మా అబ్బాయి అంటాడు."

"ఉంటే ఉండనీ, వాడి మాటే రాసుకోండి," అన్నారు. తర్వాత వాళ్ళ ఊళ్ళో నూతి దగ్గర, గడ్డివాము వెనక ఎలా వచ్చేవో చాలాసేపు చెప్పారు. వాళ్ళ నాయనమ్మ వాటిని పేరు పెట్టి పిలిచేదట కానీ, ఆ పేరు ఎంత గుర్తు చేసుకున్నా రావట్లేదన్నారు. గుర్తొస్తే మళ్ళీ చేస్తానన్నారు.